మనోలో కంటే ముందు ఒకరు కావాలి

పోస్టు పొడుగుంది, పని ఉన్నోళ్లు రాత్రి తీరిగ్గా చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు "ఎవరిని చూసి ముందుకు నడుస్తున్నారు" అని అడిగాడు. చాలామంది గ్రూప్-1 కొట్టిన మన అక్కల పేర్లు, డాక్టర్లయిన అన్నల పేర్లు రాశారు. నేను మనోలో మార్కెజ్ అని రాసిన. దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డయి. "ఎవరన్నా ఆయన, సీరియల్ యాక్టరా?" అని ఒకరు. "మన తండాకు స్పెయిన్‌కు ఏం సంబంధం భియా?" అని ఇంకొకరు. రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు. అందుకే ఇట్ల కూర్చొని రాస్తున్న.

నన్ను తెల్వనోళ్ల కోసం: నాది జహీరాబాద్ దగ్గర మొగుడంపల్లి మండలంలో ఒక తండా. గిరిజన గురుకులంలో చదివిన. లెఫ్ట్ బ్యాక్ ఆడేటోడిని. డిగ్రీలో ఉన్నప్పుడు మోకాలి లిగమెంట్ తెగింది, ఆట అక్కడితో ఆగింది. తర్వాత బీపీఈడీ చేసిన. ఇప్పుడు పొద్దున ఒక ప్రైవేటు బడిలో పీఈటీ పని, సాయంత్రం మా తండా పక్కన పడావు భూమిలో పద్దెనిమిది మంది పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న. మా బాపు అప్పుడప్పుడు అడుగుతడు, "చదివింది సార్ కావడానికా, బంతులు ఏరడానికా?" అని. ఈ పోస్టు మా బాపుకు కూడా జవాబే అనుకోండి. ఆయన చదవడు గానీ ఎవరైనా చదివి వినిపిస్తారు.

మనోలో 1968లో బార్సిలోనాలో పుట్టాడు. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు బార్సిలోనా అనగానే గార్డియోలా, లూయిస్ ఎన్రికే గుర్తుకొస్తారు. స్పెయిన్‌లో ఆటగాళ్లు కోచ్‌లు కావడం మామూలే. 2010లో స్పెయిన్‌కు ప్రపంచ కప్ తెచ్చిన డెల్ బోస్కే రియల్ మాడ్రిడ్‌కు ఏళ్ల తరబడి ఆడినవాడు. వీళ్లంతా మైదానంలో పేరు తెచ్చుకున్నాకే గీత బయట నిలబడ్డారు. వాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌లోకి వస్తే పిల్లలు ముందే లేచి నిలబడతారు.

మనోలోకు ఆ సుఖం లేదు. స్పెయిన్ జట్టుకు ఆడినవాడు కాదు. ఆయన కోచింగ్ జీవితం ఎక్కువ భాగం బార్సిలోనా చుట్టుపక్కల చిన్న క్లబ్బుల్లోనే గడిచింది. యూరోపా, ప్రాట్, బదలోనా, ఎస్పాన్యోల్ రెండో జట్టు. ఈ పేర్లు మనలో ఎవరం వినలేదు. అవి టీవీలో రావు. అక్కడ ఆడే పిల్లల్లో చాలామంది పెద్ద ఆటగాళ్లు కారు. అట్లాంటి చోట సీజన్ తర్వాత సీజన్ నిలబడి, ఎవడు ఏ కాలితో బాగా తంతాడు, ఎవడు భయపడతాడు, ఎవడికి కోపం ఎక్కువ అని చూసుకుంటూ పోయాడు. 2017లో లాస్ పాల్మాస్ జట్టుతో లా లిగాలోకి అడుగుపెట్టే సరికి ఆయన వయసు యాభైకి దగ్గరపడింది. అది కూడా నిలవలేదు. ఆగస్టులో సీజన్ మొదలైతే సెప్టెంబరులోనే బయటికి వచ్చాడు. తర్వాత క్రొయేషియాలో ఒక క్లబ్బు, థాయిలాండ్‌లో ఒక క్లబ్బు. ఆ తర్వాతే హైదరాబాద్.

అక్కడి పద్ధతి గురించి ఒక మాట. స్పెయిన్‌లో ఏడెనిమిదేళ్ల పిల్లల నుంచే ఊరి క్లబ్బుల్లో జట్లు ఉంటాయి. ప్రతి వయసు జట్టుకూ శిక్షణ పొందిన కోచ్ ఉంటాడు. 2024లో యూరో కప్ గెలిపించిన లూయిస్ డి లా ఫుయెంటే సంగతి చూడండి. ఆయన కూడా నాలాగే లెఫ్ట్ బ్యాక్, అథ్లెటిక్ బిల్బావోకు ఆడాడు. పెద్దల జట్టు చేతికి రాకముందు ఏళ్ల తరబడి స్పెయిన్ అండర్-19, అండర్-21 పిల్లలతో పని చేశాడు. 2015లో అండర్-19 యూరో, 2019లో అండర్-21 యూరో గెలిపించాడు. 2024లో కప్పు ఎత్తిన వాళ్లలో కొందరు ఆయనకు మీసాలు రాని వయసు నుంచే తెలుసు. అంటే అక్కడ కోచ్ అనేవాడు ఫైనల్ రోజు సూటు వేసుకొని వచ్చేవాడు కాదు. చిన్నప్పటి నుంచి వెంట ఉన్నవాడు.

ఇప్పుడు హైదరాబాద్ కథ. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మొదటి ఐఎస్ఎల్ సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది. 10 పాయింట్లతో అట్టడుగు. తర్వాతి సీజన్ కోసం ఆల్బర్ట్ రోకా అనే ఇంకో స్పెయిన్ కోచ్‌ను తెచ్చుకున్నారు. ఈయన నిజంగా ఆటగాడి నుంచి కోచ్ అయినవాడు. సబాడెల్‌కు డిఫెండర్‌గా ఆడాడు, బార్సిలోనాలో రైకార్డ్ దగ్గర పని చేశాడు, బెంగళూరు ఎఫ్‌సీని 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. కానీ 2020 ఆగస్టులో బార్సిలోనా నుంచి పిలుపు వస్తే వెళ్లిపోయాడు. సీజన్‌కు మూడు నెలలు కూడా లేవు. కరోనా రోజులు. ఆ ఖాళీలోకి వచ్చినవాడు మనోలో.

ఆ ఏడు మ్యాచ్‌లన్నీ గోవాలోనే, జనం లేని స్టేడియాల్లో. మనోలో చేసిన పని ఏందంటే, కుర్రాళ్లను ఆడించడం. ఆకాశ్ మిశ్రాకు అప్పుడు 19 ఏళ్లు. లెఫ్ట్ బ్యాక్‌గా పెట్టి సీజనంతా అతన్నే ఆడించాడు. అటువైపు సిక్కిం పిల్లాడు ఆశిష్ రాయ్. నడుమ మణిపూర్‌కు చెందిన చింగ్లెన్సానా. ముందు గోవా పిల్లాడు లిస్టన్ కొలాసో. మొదటి ఏడు 29 పాయింట్లతో ఐదో స్థానం, ఒక్క మెట్టులో సెమీఫైనల్ తప్పింది. సీజన్ అయిపోగానే, 2021 మార్చిలో, ఆకాశ్, చింగ్లెన్సానా ఇద్దరూ ఒమన్ మీద భారత జట్టు చొక్కా మొదటిసారి వేసుకున్నారు.

తర్వాతి సీజన్‌లో ఐఎస్ఎల్ ఒక నియమం మార్చింది. అప్పటిదాకా మైదానంలో ఒకేసారి ఐదుగురు విదేశీయులు ఆడొచ్చు, ఇక నలుగురే అన్నది. అంటే పదకొండులో ఏడుగురు మనవాళ్లు ఉండి తీరాలి. డబ్బుతో బయటి ఆటగాళ్లను కొని నెట్టుకొచ్చిన జట్లకు ఇది ఇబ్బంది. ముందు ఏడాదే కుర్రాళ్లను తయారు చేసుకున్న మనోలోకు ఇది పండగ. వానలు పడకముందే దుక్కి దున్నుకున్న రైతులెక్క. హైదరాబాద్ లీగ్‌లో 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో దాటి ఫైనల్‌కు వచ్చారు.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలో ఫటోర్డా స్టేడియం, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. ఈసారి జనాన్ని రానిచ్చారు, స్టేడియం అంతా కేరళ పసుపు రంగే. మేము హాస్టల్‌లో ఒక్క ఫోనును బకెట్టుకు ఆనించి తొమ్మిది మందిమి చూసినం. 68వ నిమిషంలో కేరళ గోల్. మనోలో సబ్‌స్టిట్యూట్‌గా దింపిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో దూరం నుంచి తన్ని సమం చేశాడు. చివరికి పెనాల్టీలు.

ఇక్కడ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గురించి చెప్పాలె. 2015లో ఇదే ఫటోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్ జరిగింది. అప్పుడు కట్టిమణి గోవా కీపర్. 2-1తో ముందున్న గోవా చివరి నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చి 3-2తో ఓడిపోయింది. అందులో ఒకటి కట్టిమణి చేతికి తగిలి లోపలికి పోయిన సెల్ఫ్ గోల్. సొంత రాష్ట్రం, సొంత జనం ముందర. అట్లాంటి దెబ్బ తిన్న కీపర్‌ను ఎవరైనా పక్కన పెడతారు. మనోలో ఆయన్నే పెట్టుకున్నాడు, నడుమ తప్పులు జరిగినా పెట్టుకున్నాడు. ఆరేళ్లు దాటాక అదే గోల్ స్తంభాల నడుమ కట్టిమణి ముగ్గురి తన్నులు ఆపాడు. ఒక తన్ను రెఫరీ మళ్లీ తన్నమంటే రెండోసారి కూడా ఆపాడు.

గెలుపు పెనాల్టీ కొట్టినవాడు హాలిచరణ్ నర్జారీ. అస్సాంలోని కోక్రాఝార్ పిల్లాడు, బోడో. మనలాగే షెడ్యూల్డ్ తెగ బిడ్డ. 3-1. ఆ రోజు మా హాస్టల్‌లో పడ్డ కేకలకు వార్డెన్ సార్ లేచి వచ్చాడు. "మన హైదరాబాద్ గెలిచింది సార్" అన్నాం. ఆయన నవ్వి ఒకటే అడిగాడు, "మంచిది, అందుల మనోడు ఎవడురా?"

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిని వేళ్ల మీద లెక్కపెట్టిన. గోవా, సిక్కిం, మణిపూర్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, బెంగాల్, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా, ఇట్ల ఎక్కడెక్కడివాళ్లో. తెలుగు నేల నుంచి ఒక్కరు లేరు. చొక్కా మీద హైదరాబాద్, లోపల హైదరాబాద్ లేదు.

మన నేలకు ఆట రాకనా? కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు వినే ఉంటారు, 2024లో అజయ్ దేవగణ్ వేసిన మైదాన్ సినిమా ఆయన మీదే. రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆయన కూడా ఆటగాడిగా మొదలై కోచ్ అయినవారే, అయితే పొట్టపోసుకున్నది బడి పంతులుగా. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి ఉంటే ఆయన్ను ఫార్వర్డ్‌గా దింపారు, ఆయనే ఒక గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఏడాది లోపే, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం ఉన్నారు. అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల పిల్లలే. బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింట్లో పుట్టినవాడు, రహీం సాబ్ కంట్లో పడ్డాడు. ఎట్ల పడ్డాడు? రహీం సాబ్ ఎప్పుడూ అక్కడే ఉండేవారు కాబట్టి. గల్లీ మ్యాచ్‌లు చూసేవారు, చిన్న చిన్న టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయొద్దు, బంతి వెంటనే పాస్ ఇవ్వాలి. ఇంకొకదాంట్లో బలం లేని కాలితోనే తన్నాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడు మా తండాలో గురువారం "ఎడమకాలు రోజు". ఎడమకాలి వాటం ఉన్నోళ్లకు ఆ రోజు కుడికాలే. కుడికాలితో తంతే గోల్ ఎదుటోళ్లకు. మొదట్లో పిల్లలు పడి పడి నవ్వేవాళ్లు, ఇప్పుడు గురువారం కోసం ఎదురుచూస్తారు. స్పెయిన్ నుంచి ఒకటి తీసుకున్న. చుట్టూ ఐదుగురు నిలబడి, నడుమ ఉన్న ఇద్దరికి అందకుండా బంతి తిప్పుతూ ఉండాలి. దాన్ని అక్కడ రోండో అంటారు. మా పిల్లలు "దొంగాట" అని పేరు పెట్టుకున్నారు. పేరు ఏదైతేంది, తల ఎత్తి చూసి పాస్ ఇవ్వడం వచ్చింది.

మన సొంత ఉదాహరణ కూడా ఉంది. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ, మన లంబాడీ ఆడపిల్ల. ముందు పరుగు పందేల్లో ఉండేది. ఆ పరుగు చూసిన అక్కడి కోచ్ ఫుట్‌బాల్ వైపు తిప్పాడు. భారత జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయింది, 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు అందుకుంది. మన ఆడపిల్లలు నీళ్ల కోసం, కట్టెల కోసం నడిచిన నడక ఎంతో అందరికీ తెలుసు. కాళ్లలో బలం ఎక్కడికీ పోలేదు. నిజామాబాద్‌లో ఆ కాళ్లను చూసేవాడు ఒకడు ఉన్నాడు. మిగతా తండాల్లో లేడు. తేడా అంతే.

స్పెయిన్‌కూ మనకూ సంబంధం ఏంది అని అడిగిన భియా కోసం ఇంకో మాట. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ కూడా బార్సిలోనాలో పుట్టినవాడే. 1969లో అనంతపురం వచ్చి 2009లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ ట్రస్టు కట్టిన స్పోర్ట్స్ విలేజీలో పల్లె పిల్లలు, మన సుగాలీ తండాల పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకుంటారు. అక్కడి ఫుట్‌బాల్‌కు స్పెయిన్ లా లిగా చేయి కలిపింది. నలభై ఏళ్లు ఒకే చోట ఉంటే ఏం జరుగుతదో చూపించడానికి చెబుతున్న.

మనోలోను దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. 2023లో హైదరాబాద్ వదిలి గోవాకు పోయాడు. 2025లో గోవాకు సూపర్ కప్ గెలిపించాడు. నడుమ 2024 జులైలో భారత జట్టు కోచ్ అయ్యాడు, కొన్నాళ్లు రెండు పనులూ కలిపి చేశాడు. మొదటి మ్యాచ్ మన గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో 0-0. తర్వాత అక్కడే సిరియా చేతిలో 0-3. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి, మాల్దీవుల మీద 3-0. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓడిన తర్వాత, జులైలో తప్పుకున్నాడు.

అదే మనిషి, అదే బుర్ర. హైదరాబాద్‌లో ఎందుకు అయింది, దేశం జట్టుతో ఎందుకు కాలేదు? నాకు అర్థమైంది ఇది. క్లబ్బులో పిల్లలు ఏడాదిలో ఎన్నో నెలలు రోజూ కళ్ల ముందర ఉంటారు. తప్పు చేస్తే తెల్లారి సరిచేయొచ్చు. ఒకడు డీలా పడితే భుజం మీద చెయ్యేసి రేపు కూడా నువ్వే ఆడుతున్నవ్ అని చెప్పొచ్చు. దేశం జట్టు కోచ్‌కు పిల్లలు నాలుగు రోజులు దొరుకుతారు, మ్యాచ్ ఆడి వెళ్లిపోతారు. అంత తక్కువ టైములో ఎంత తెలివైనోడైనా చేయగలిగింది కొంచెమే. హైదరాబాద్ క్లబ్బు సంగతి కూడా అంతే. మనోలో పోయినంక డబ్బు కష్టాలు వచ్చాయి, ఆటగాళ్లు చెదిరిపోయారు, 2023-24లో ఒక్క మ్యాచ్ గెలిచి అడుగుకు చేరింది. చివరికి పేరు మార్చుకొని ఢిల్లీకి పోయింది. కప్పు తెచ్చిన క్లబ్బు మూడున్నరేళ్లకు ఊళ్లో లేకుండా పోయింది. పైన కట్టిన గోపురం అది. కింద మన పిల్లలు లేరు, మన కోచ్‌లు లేరు. ఆపేవాళ్లు ఎవరు?

ఇప్పుడు మా తండా సంగతి. జహీరాబాద్, నారాయణఖేడ్ దిక్కు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, మిగతా జిల్లాల వాళ్లకు చెబుతున్న. వానాకాలంలో మేస్త్రీ వచ్చి జోడీకి ఇంత అని అడ్వాన్స్ ఇస్తడు. దసరా పోయిందంటే చెరుకు కొట్టనీకి మొగుడు పెళ్లాం కర్ణాటక దిక్కో మహారాష్ట్ర దిక్కో పోతరు. కొందరు హోలీకి వస్తరు, కొందరు ఉగాదికి. పెద్ద పిల్లలను వెంట తీసుకపోతరు, చిన్నోళ్లను చూసుకోవాలె గదా. నా పద్దెనిమిది మందిలో పోయిన ఏడు పదకొండు మంది అట్ల పోయారు. వానాకాలం అంతా నేర్పితే, చలికాలంలో గ్రౌండ్ మీద ఏడుగురు. రోజూ కళ్ల ముందర ఉండాలె అని పైన రాసిన గదా, నాకు దొరికే సీజన్ నాలుగు నెలలు.

అందులో ఒక పాప ఉంది. పన్నెండేళ్లు, పేరు రాయను. ఎడమకాలు ఎట్లుంటదంటే, నేను ఆడిన రోజుల్లో నా కాలు గూడ అట్ల తిరగలేదు. వాళ్ల యాడి దగ్గరికి పోయి, ఈసారి పిల్లను తీసుకపోకు అక్కా అని అడిగిన. ఆమె రొట్టె చేస్తనే అన్నది, "బంతి తంతే అడ్వాన్స్ తీరుతదా తమ్మీ?"

తీరదు. నేను అబద్ధం చెప్పలేదు. సౌమ్యలెక్క అయితదని ఆశ పెట్టలేదు. అందరూ సౌమ్యలు కారు, మనోలో చిన్న క్లబ్బుల్లో నేర్పిన పిల్లల్లో కూడా చాలామంది ఎక్కడో మామూలు పనుల్లో ఉండి ఉంటారు. నేను చెప్పింది ఇంకొకటి. "అక్కా, పిల్ల ఇక్కడుంటే బడికి పోతది. సాయంత్రం నా దగ్గర ఉంటది. రాత్రి మీ అత్త దగ్గర పంటది. ఒక్క రోజు బడి తప్పినా నీకు ఫోన్ చేస్త. చిన్నోడి సంగతి ఆలోచిద్దాం." వలస పోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ సంగతి కూడా చెప్పిన. ఆమె ఇంకా జవాబు చెప్పలేదు. మిగతా ఇళ్లకు కూడా తిరిగిన. పదకొండులో ఆరుగురి ఇండ్లలో ఈ ఏడు పిల్లలను వదిలి పోతామన్నారు. ఆట మీద ప్రేమతో కాదు. సాయంత్రం పూట పిల్లలు ఎక్కడున్నారో చూసేవాడు ఒకడు ఉన్నాడని.

నాకు కోచ్ అంటే అర్థం తెలిసింది అక్కడ. ముందు నేను వ్యూహాలు, ఫార్మేషన్లు అనుకునేవాణ్ని. అవి తర్వాత. మొదటి పని, పిల్లలు రేపు కూడా వచ్చేటట్టు చూడడం. నువ్వు రేపు కూడా ఉంటవని పిల్లలకు తెలవడం. మనోలో కట్టిమణికి ఇచ్చింది అదే గదా. రేపు కూడా నువ్వే అన్న మాట.

ఆకాశ్ మిశ్రా, నర్జారీ మనోలో దగ్గరికి వచ్చేసరికి ఆటగాళ్లే. వాళ్లకు బంతి ఆపడం నేర్పింది మనోలో కాదు. బలరాం లాంటి పిల్లలను గల్లీల్లో చూసేవారు ఉన్నట్టు, సౌమ్య పరుగును నిజామాబాద్‌లో ఒక కోచ్ చూసినట్టు, ప్రతి ఒక్కరి వెనక ముందు ఒకరు ఉండి ఉంటారు. వాళ్ల పేర్లు పేపర్లో రావు. మనకు ఇప్పుడు కావలసింది మనోలో కాదు. మనోలో దాకా పిల్లలను తెచ్చేవాళ్లు. వాళ్లు బయట నుంచి రారు. మన భాష రావాలె, చెరుకు సీజన్ తెలవాలె, ఎవరి ఇంట్లో ఎంత అప్పుందో తెలవాలె, తీజ్ పండగప్పుడు ఆడపిల్లలు తొమ్మిది రోజులు ప్రాక్టీసుకు రారని తెలవాలె. అది మన గ్రూపులో ఉన్నోళ్లకే సాధ్యం.

అందుకే నా అడుగుడు ఇది. ఆట ఆడి ఆపేసిన వాళ్లు మన గ్రూపులో చాలామంది ఉన్నారు. జిల్లా స్థాయి దాకా ఆడి సెలక్షన్‌లో పోయినోళ్లు, దెబ్బ తగిలి ఆగినోళ్లు, పెళ్లయి ఆగిన చెల్లెళ్లు. మన కథ అయిపోయిందని అనుకోకండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచింగ్ లైసెన్సుల్లో కింది మెట్టు డి లైసెన్స్. పద్దెనిమిది నిండినవాళ్లు చేయొచ్చు, వారం లోపు అయిపోయే కోర్సు. దాని పైన సి, బి, ఏ, చివర ప్రో. మనోలో ఉన్న మెట్టు అది, కానీ నిచ్చెన అదే. నేను ఈ ఏడు డి చేస్తున్న. మన జిల్లా వాళ్లు ఎవరైనా వస్తే కలిసి పోదాం, బస్సు చార్జీ పంచుకుందాం.

మొదలుపెట్టడానికి పెద్దగా ఏం అక్కర్లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నాలుగో సైజు బంతి, పెద్దోళ్లకు ఐదో సైజు. కోన్ల బదులు ఇసుక నింపిన వాటర్ బాటిళ్లు. గోల్‌కు రెండు రాళ్లు. ఒక నోటుబుక్కు, రోజూ ఎవరు వచ్చారో రాసుకోవడానికి. నా వరకు ఆ నోటుబుక్కే అన్నిటికంటే ముఖ్యమైన సామాను. ఒక పేరు పక్కన రెండు రోజులు ఖాళీ ఉంటే మూడో రోజు ఇంటికి పోత. బూట్లు తర్వాత చూసుకోవచ్చు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనోళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిపోయారు. నాలుగేళ్లకు అదే రహీం సాబ్ బూట్లతో జట్టును దింపి ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీస్‌కు తీసుకెళ్లారు. కాబట్టి బూట్లు కావాలె, కాదనను. కానీ బూట్లు వచ్చేదాకా ఆగొద్దు.

దసరా ఇంకెంతో దూరం లేదు. మీ తండాలో ఈ ఏడు ఎంతమంది పిల్లలు చెరుకుకో, ఇటుక బట్టీలకో పోతున్నారో ఒకసారి లెక్కపెట్టండి. వాళ్లలో ఉరికేటోళ్లు ఎవరో మీకు తెలుసు. వాళ్ల ఇండ్లకు పోండి. మాట్లాడండి. సాయంత్రం ఐదు గంటలకు ఒక చోట నిలబడండి, తెల్లారి కూడా అక్కడే నిలబడండి.

నాకు టైము అయింది. ఇయాల గురువారం, ఎడమకాలు రోజు.